నీటికి దూరంగా ఉంచవలెను

త్రిమూర్తులుకి ఉన్న దురలవాటు ఒక్కటే. చేతికొచ్చిన ఏ కాగితాన్నైనా చివరికంటా చదువుతాడు. పొగతాగడు, పేకాడడు. జ్వరం వచ్చి మాత్ర తెచ్చుకుంటే మాత్రతో వచ్చే మడతల కాగితం పూర్తిగా చదివితే గానీ నోట్లో వేసుకోడు. ఈలోగా జ్వరం తగ్గిపోతుంది. గోగులపాలెం నీటిపారుదల సబ్ డివిజన్ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లుగా గుమాస్తా, అందులో ఆరేళ్లుగా సీనియర్ అసిస్టెంటు. మిగతావాళ్లు సర్క్యులర్ మొదటి పేరా చూసి సంతకం పెట్టేస్తే, ఇతను చివర ‘ప్రతులు’ దాకా చదివి అక్కడో తప్పు పట్టుకునేవాడు. ఈ సంగతి గర్వంగా చెప్పుకునేవాడు కూడా. ఇప్పుడు చెప్పుకోవడం లేదు. ఎందుకో తెలియాలంటే ఫోను సంగతి తెలియాలి.

కిందటేడు వానలు మొహం చాటేస్తే కాలువలకి వంతులు పెట్టారు. మూడు వారాలు ఎగువ కాలువకి నీళ్లు, మూడు వారాలు శివారు కాలువకి. వంతు మారే రోజు గోగులపాలెం ఆఫీసు నుంచి కబురు వెళ్తే, హెడ్ లాకుల దగ్గరుండే లస్కరు ఓ తలుపు దించి ఇంకోటి ఎత్తి నీళ్లు మళ్లిస్తాడు. ఎగువ ఊరి ఆసామి ఒకాయన లస్కరుకి సెల్ ఫోను చేసి, అచ్చం ఆఫీసు పెద్ద డీఈ గారిలా దగ్గి, డీఈ గారిలాగే విసుక్కుని, శివారు వంతు కాస్తా తన ఊరికి తిప్పేసుకున్నాడు. విచారణలో తేలిందేమిటంటే, డీఈ గారి దగ్గు ఆ చుట్టుపక్కల ఇంకో ముగ్గురికి కూడా వచ్చు.

దాంతో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. ఇకమీదట తలుపుల కబురు ఆఫీసు బల్ల మీది ఫోను నుంచే వెళ్లాలి. లస్కరు తన దగ్గర నంబరు చూసుకుని మరీ తలుపు ముట్టుకోవాలి. ఆఫీసు పాత ఫోను తీగని ఎవరో కోసుకుపోయారు గనక, తీగతో పనిలేని కొత్తరకం ఫోను పంపించారు. చూడ్డానికి మామూలు బల్లఫోనే. లోపల సెల్ ఫోనులోలాగే సిమ్ము ఉంటుంది, వెనక జానెడు యాంటెన్నా, కరెంటు పోతే ఆదుకోడానికి బ్యాటరీ.

ఈ ఫోను సరిగ్గా పనిచెయ్యడం అందరికన్నా త్రిమూర్తులుకే ఎక్కువ అవసరం. అతని ఎకరంన్నర పొలం శివారు కాలువ కొసన, సముద్రం గాలి తగిలే చోట ఉంది. సాగంతా భార్య చంద్రావతిదే. కిందటి వంతు నీళ్లకి నారుమడి పోసింది. అది జానెడు లేచి ఎర్రబారడం మొదలుపెట్టింది. ఊళ్లో కుళాయి నుంచి బిందెలతో మోసి చిలకరిస్తూ దాన్ని బతికించుకుంటోంది.

“ఇంకో రెండు వారాల్లో, సోమవారం మన వంతు. ఆ రోజు నీళ్లొస్తే నారు నిలుస్తాది. రాకపోతే మళ్లీ ఇత్తనాలు తెచ్చినా అదును దాటిపోద్ది. ఈ ఏటికి ఊడ్పులు లేనట్టే,” అంది చంద్రావతి.

“నేనుండగా నీకు భయమేంటే? ఫోను నా చేతిలోనే ఉంటాది,” అన్నాడు త్రిమూర్తులు.

ఆ మాట నిజమే. కొంప మునిగింది అక్కడే.

పెట్టె విప్పినప్పుడు ఆఫీసంతా మూగి ఫోను చూసింది. త్రిమూర్తులు మాత్రం అడుగున ఉన్న పుస్తకం తీసుకున్నాడు. నలభై నాలుగు పేజీలు, సగం నుంచి తెలుగు. అందులో చెప్పిన వరసలోనే బ్యాటరీ మూత తీశాడు, సిమ్ము బంగారు రంగు వైపు కిందికి పెట్టి తోశాడు, బ్యాటరీ అమర్చాడు, యాంటెన్నా బిగించాడు, పన్నెండు గంటలు చార్జింగు పెట్టాడు. మర్నాడు పొద్దున ఆకుపచ్చ దీపం వెలిగింది. అద్దంలో నాలుగు గీతల సిగ్నలు కనిపించింది. రిసీవరు ఎత్తితే చక్కగా మోగింది. అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖంగా ఉండేవాళ్లు. కానీ పుస్తకంలో ఇంకా పదకొండు పేజీలు మిగిలి ఉన్నాయి. వాటి పేరు ‘భద్రతా సూచనలు’.

డీఈ నీలాద్రి గారు ఆ మాట వినగానే కుర్చీలో సర్దుకున్నారు. “త్రిమూర్తులు గారూ, భద్రత అన్నాక మనం చాలా సీరియస్‌గా తీసుకోవాలి. రేపు ఏదైనా జరిగితే, పుస్తకంలో రాసుండగా మీరెందుకు పాటించలేదని ఆడిట్ వాళ్లు అడుగుతారు. ఫోను మీ కస్టడీ. విధివిధానాలు డ్రాఫ్ట్ చేసి పుటప్ చెయ్యండి.”

డ్రాఫ్ట్ చెయ్యమంటే త్రిమూర్తులుకి ఆకలి దప్పికలుండవు. రెండు రోజుల్లో ‘ఫోను సురక్షిత వినియోగ విధానము’ తయారైంది. మొత్తం పదిహేడు క్లాజులు.

మొదటి చిక్కు యాంటెన్నాతో వచ్చింది. శరీరానికీ యాంటెన్నాకీ మధ్య ఇరవై సెంటీమీటర్ల దూరం ఉండాలని పుస్తకం చెప్పింది. త్రిమూర్తులు స్కేలు పెట్టి కొలిచి ఫోను చుట్టూ బల్ల మీద ఎర్రరంగుతో గీత గీయించాడు. గీత దాటకుండా నంబరు నొక్కడం ఎలా అని వర్క్ ఇన్‌స్పెక్టరు జోగిరాజు అడిగాడు. మంచి ప్రశ్నే. వేలు శరీరంలో భాగమా కాదా అని తెలుపవలసిందిగా పై ఆఫీసుకి లేఖ వెళ్లింది. నాలుగో రోజున జవాబు వచ్చింది.

“సూచికలోని లేఖ పరిశీలించడమైనది. వేలు శరీరములో అంతర్భాగమని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది. అయితే విధి నిర్వహణలో నున్న వేలికి మినహాయింపు కోరుచూ విడిగా ప్రతిపాదనలు పంపవచ్చును.”

ప్రతిపాదనలు వెళ్లాయి. అవి తేలేదాకా రూళ్లకర్రతో నంబర్లు నొక్కాలని తాత్కాలికంగా నిర్ణయించారు. రూళ్లకర్ర ఒకేసారి రెండంకెలు నొక్కేది. రెండు రోజులపాటు ఆఫీసు నుంచి వెళ్లిన ఫోన్లన్నీ ఒక ఐసు ఫ్యాక్టరీకే వెళ్లాయి. ఆ ఫ్యాక్టరీ ఆయన చాలా మర్యాదస్తుడు. మూడో రోజున ఆయనే అడిగాడు, “ఏవండీ, ఎన్ని దిమ్మలు పంపమంటారో చెప్పండి మరి,” అని.

ఇవన్నీ త్రిమూర్తులుకి చిన్న విషయాలు. అతన్ని కుదురుగా కూర్చోనివ్వనిది ముప్పై ఎనిమిదో పేజీ. అక్కడ ఒకే వాక్యం ఉంది: ‘పరికరమును నీటికి దూరంగా ఉంచవలెను.’

ఆఫీసు కిటికీ తీస్తే పదడుగుల్లో ప్రధాన కాలువ. వెనక తలుపు తీస్తే మురుగు కాలువ. పక్కన లాకులు, ఆ పక్కన చేపల చెరువు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ నీళ్ల మధ్యే కూర్చున్నా, అవి ప్రమాదమన్న సంగతి త్రిమూర్తులుకి ఇన్నాళ్లూ తట్టలేదు. ముందు గదిలోంచి కూజా తీసేయించాడు. డీఈ గారు టీ వరండాలోకి వెళ్లి తాగడం మొదలుపెట్టారు. అటెండరు నీళ్ల టిన్ను తెమ్మని హోటలుకి ఫోను చేయబోతే త్రిమూర్తులు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫోను చేస్తే టిన్ను వస్తుంది, టిన్ను వస్తే నీళ్లు ఫోను దగ్గరికే వస్తాయి. అప్పుడు రాసిందే పదిహేడో క్లాజు: “ఫోనుండు స్థలమునకు నీరు చేరుటకు దారితీయు ఏ చర్యకును సదరు ఫోనును వినియోగించరాదు.”

ఆ వాక్యం రాసిన సాయంత్రం అతను దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాడు. ఒక్క అక్షరం తీయడానికి లేదు, కలపడానికి లేదు.

కానీ ‘దూరంగా’ అంటే ఎంత? మళ్లీ లేఖ వెళ్లింది, మళ్లీ జవాబు వచ్చింది.

“పరికరము విలువైన ప్రభుత్వ ఆస్తి అయినందున, సబ్ డివిజన్ పరిధి దాటకుండా, ఆ పరిధిలో నీటి జాడ మిక్కిలి తక్కువగా నుండు స్థలమును కమిటీ ద్వారా గుర్తించి, పొడి ధ్రువీకరణ పత్రముతో పరికరమును అచ్చటికి తక్షణమే తరలించవలెను.”

అలా నీటిపారుదల శాఖ జీపు వేసుకుని నీళ్లు లేని చోటు వెతకడానికి బయల్దేరింది. డీఈ గారు, జోగిరాజు, త్రిమూర్తులు. ఫోను త్రిమూర్తులు ఒళ్లో ఉంది. ఒడి కూడా శరీరమే గనక మధ్యలో దిండు పెట్టుకున్నాడు. రెండు రోజులు తిరిగారు. డెల్టాలో నీళ్లు లేని చోటు దొరకడమంటే మాటలా? బడికెళ్తే కుళాయి, రైసుమిల్లుకెళ్తే ఉడకబెట్టే తొట్టెలు. పెట్రోలు బంకు పొడిగానే ఉంది గానీ పెట్రోలు దగ్గర ఫోను వాడకూడదని ముప్పై ఐదో పేజీ. డీఈ గారికి విసుగొచ్చి, “మనం ఇంత సమర్థంగా నీళ్లిస్తున్నామని నాకే తెలీదయ్యా,” అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం జీపు శివారు కాలువ కొసకి చేరింది. కాలువలో గేదెలు పడుకుని ఉన్నాయి. పొలాలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. జోగిరాజు ఓ నెర్రెలో పెన్ను వదిలితే అది మళ్లీ కనబడలేదు. పలుగుతో రెండడుగులు తవ్వించారు. మట్టి పొడిపొడిగా వచ్చింది.

“అద్భుతం!” అన్నారు డీఈ గారు. “ఈ చేను ఎవరిది?”

త్రిమూర్తులు తల దించుకుని, “నాదేనండి,” అన్నాడు.

అప్పటికే చంద్రావతి గట్టు మీంచి పరుగున వస్తోంది. పెద్ద ఇంజనీరు జీపేసుకుని స్వయంగా తన నారుమడి దగ్గరికొచ్చాడని ఆవిడ సంబరం. మొగుడు ఇన్నాళ్లకి ఒక పని చేశాడనుకుంది. మూడు కొబ్బరి బొండాలు కొట్టించి పట్టుకొచ్చింది.

“ఆ బొండాలు అక్కడే ఉంచమ్మా, దగ్గరికి తేకు!” అని కేకేశాడు జోగిరాజు. “ఫోనుంది.”

చంద్రావతికి అర్థం కాలేదు. బొండాలు గట్టు మీద పెట్టి చేతులు జోడించింది. “చూశారా బాబూ, ఎలా ఎండిపోయిందో. మీరైనా వచ్చారు. ఇన్నేళ్లలో ఒక్క ఆఫీసరూ ఇటు తొంగి చూడలేదండి.”

“చూశానమ్మా, కళ్లారా చూశాను,” అన్నారు డీఈ గారు నిజమైన సంతోషంతో. “సబ్ డివిజన్ మొత్తంలో ఇంతటి పొడి ప్రదేశం మరోటి లేదు. దీన్ని ఇలాగే కాపాడుకోవాలి.”

ఆ మాటకి ఆవిడ మొగుడి వైపు చూసింది. మొగుడు దిండు వైపు చూశాడు.

ఆ సాయంత్రమే ఫోనుని ఎర్రగీత గీసిన బల్లతో సహా చేలో ఉన్న మకాంలో పెట్టారు. మకామంటే తాటాకు పాక. కోత కోసిన రోజుల్లో కాపలాకి పడుకోడానికి వేసుకున్నది, ఓ బల్బు, ఓ ప్లగ్గు ఉన్నాయి. రొయ్యల చెరువుల వాళ్ల కోసం వేసిన టవరు దగ్గర్లోనే ఉంది గనక సిగ్నలు ఐదు గీతలు వచ్చింది. గోగులపాలెంలో ఎన్నడూ ఐదు రాలేదు. పొడి ధ్రువీకరణ పత్రం మీద ముగ్గురూ సంతకాలు చేశారు. కస్టోడియన్ కాబట్టి త్రిమూర్తులు డ్యూటీ కూడా మకాంలోనే. సొంత చేలో కూర్చుని గవర్నమెంటు జీతం తీసుకునే యోగం ఎవరికి పడుతుందని జోగిరాజు అసూయపడ్డాడు.

శనివారం పొద్దున చంద్రావతి ఎప్పట్లాగే బిందెతో వచ్చింది. త్రిమూర్తులు మకాంలోంచి లేచి వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

“చంద్రా, ఏమీ అనుకోకు. ఫోనుకి యాభై అడుగుల్లోపు బిందె రాకూడదు.”

“నారుమడి ఇరవై అడుగుల్లో ఉంది కదండీ!”

“అందుకే చెప్తున్నాను.”

ఆవిడ తిట్టలేదు. బిందె గట్టు మీద దించి చాలాసేపు అతన్నే చూసింది. ఇరవై ఆరేళ్ల కాపరంలో అలా చూడ్డం అదే మొదటిసారి. త్రిమూర్తులుకి సిగ్గేసింది. అయినా సోమవారం ఇంకెంతో దూరం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. రెండు రోజులు ఓర్చుకుంటే కాలువ నిండా నీళ్లే, ఫోను తన చేతిలోనే ఉంది.

సోమవారం పొద్దున ఆరింటికి కబురు రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, ‘శివారు కాలువ తలుపులు ఎత్తుట’ అని రాయబోయి చెయ్యి ఆపేశాడు. శివారు తలుపులు ఎత్తితే నీళ్లు ఎక్కడికొస్తాయి? కాలువ కొసకి. కాలువ కొసన ఏముంది? పదిహేడో క్లాజు గుర్తొచ్చింది. తను రాసిన వాక్యం కదా, ఎంత గట్టిదో తనకి తెలుసు.

సెల్ ఫోనులో డీఈ గారికి విషయం చెప్పాడు. ఆయన ఓ దగ్గు దగ్గి ఆలోచించారు.

“పాయింటే. ఫోను ముందు తరలిస్తే?”

“ఇంతకన్నా పొడి స్థలం పరిధిలో లేదని మనమే ధ్రువీకరించామండి.”

“అయితే క్లాజు సడలింపుకి పై ఆఫీసుకి రాయండి. బుధవారానికి వచ్చేస్తుంది.”

“మధ్యాహ్నం పన్నెండులోపు కబురు వెళ్లకపోతే వంతు ఎగువ కాలువకే ఉండిపోతుందండి. మళ్లీ మూడు వారాలు.”

“త్రిమూర్తులు గారూ, మూడు వారాల కోసం పద్ధతి తప్పితే ఎలాగయ్యా?” అన్నారు డీఈ గారు. ఆ మాట ఇన్నాళ్లూ త్రిమూర్తులే ఇతరులకి చెబుతుండేవాడు. ఎదుటివాళ్ల నోటి నుంచి వింటే ఇంత చేదుగా ఉంటుందని తెలీదు.

పదకొండున్నరకి చంద్రావతి మకాంలోకొచ్చింది. చేతిలో గుప్పెడు నారు. మొదళ్లు పసుపు, కొసలు గోధుమరంగు. దాన్ని ఎర్రగీత లోపలే, ఫోను పక్కన పెట్టింది. ఏమైందని అడిగింది. అతను చెప్పాడు. క్లాజు కూడా చదివి వినిపించాడు. అలవాటు కొద్దీ కాస్త రాగం తీసే చదివాడు.

చంద్రావతి రిసీవరెత్తి, వేలితోనే నంబరు నొక్కింది. హెడ్ లాకుల దగ్గర లస్కరు ఏసుపాదం ఎత్తాడు.

“ఏసుపాదం, నేను త్రిమూర్తులు గారి ఇంటావిణ్ణి. శివారు తలుపులు ఎత్తెయ్యి బాబూ.”

“ఆయ్, నంబరు ఆఫీసుదేనండమ్మా. కానీ తొమ్మిదో క్లాజు ఉంది కదండీ. కబురు అయ్యగారి నోటితోనే రావాలంట. నాకు కాగితం పంపించారండి, చదివి సంతకం కూడా పెట్టాను. తలుపుల మీద చెయ్యేసుకునే కూర్చున్నానండి. ఆయన్ని ఒక్క ముక్క చెప్పమనండి.”

ఆవిడ రిసీవరు మొగుడి ముందు పట్టుకుంది. గడియారం పన్నెండుకి ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“ఆ పుస్తకం మొత్తం చదివారు కదా,” అంది. “అందులో ఫోనుకేం కాకూడదని రాశారు. మనకేం కాకూడదని ఎక్కడైనా రాశారా?”

త్రిమూర్తులు నిజంగానే పుస్తకం తిరగేశాడు. ఇప్పుడు చెప్పుకుంటే అతనికే మొహం చెల్లదు గానీ, ముప్పై నాలుగో పేజీ నుంచి నలభై నాలుగు దాకా వేలు పెట్టి వెతికాడు. బ్యాటరీ గురించి ఉంది, పిల్లల గురించి ఉంది, విమానాల గురించి కూడా ఉంది. నారు గురించి లేదు. పుస్తకం మూసేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి. బల్ల మీది నారు వైపు చూశాడు. దాని పక్కన భార్య చెయ్యి ఉంది, బిందెలు మోసి వేళ్ల మొదళ్లలో కాయలు కాసింది. రిసీవరు అందుకున్నాడు.

“సీనియర్ అసిస్టెంటు త్రిమూర్తులు. సమయం పదకొండు యాభై ఆరు. ఎత్తు ఏసుపాదం.”

“ఆయ్. మరి ఫోను దగ్గరికి నీళ్లొచ్చేస్తాయేమోనండి?”

“రావాలి. రానీ.”

మంగళవారం పొద్దున్నకి కాలువ గలగలమంటూ వచ్చింది. గేదెలు లేచి నిలబడ్డాయి. మకాంలోకి చీలమండ లోతు నీళ్లు రాగానే త్రిమూర్తులు ఫోనుని దూలానికి కట్టేశాడు. దానికేం కాలేదు. సిగ్నలు కూడా ఐదు గీతలే ఉంది.

బుధవారం ఆఫీసుకి పిలుపొచ్చింది. ‘నీటికి దూరముగా నుంచవలసిన పరికరము వద్దకు ఉద్దేశపూర్వకముగా నీటిని రప్పించుట’ అన్న ఆరోపణ మీద చార్జి మెమో ఇవ్వాలని డీఈ గారు నిర్ణయించారు. అయితే ఆ ఆఫీసులో మెమోలు రాయడం వచ్చినవాడు ఒక్కడే. డీఈ గారు మొహమాటపడుతూ, “త్రిమూర్తులు గారూ, మీరే డ్రాఫ్ట్ చేసి పెడితే సంతకం పెడతాను,” అన్నారు.

త్రిమూర్తులు కూర్చుని రాశాడు. రాస్తూంటే చెయ్యి ఆగలేదు. ఆరోపణలు ఆరు, సాక్ష్యాల జాబితా, సంబంధిత నియమాలు. డీఈ గారు చదివి, “ఇలాంటి మెమో నా సర్వీసులో చూళ్లేదు,” అని మెచ్చుకుని సంతకం పెట్టారు. దానికి సంజాయిషీ కూడా త్రిమూర్తులే రాసుకున్నాడు. కానీ మెమో ముందు సంజాయిషీ తేలిపోయింది. దాంతో ఫైలు మీద ‘సంజాయిషీ సంతృప్తికరముగా లేదు’ అన్న నోటు కూడా తనే పెట్టి పంపాడు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఫోను కస్టడీ జోగిరాజుకి పోయింది.

ఆ ఉత్తర్వు వచ్చిన సాయంత్రం చేలోకొచ్చేసరికి చంద్రావతి చీలమండ లోతు నీళ్లలో వంగి, నారు మీద పేరుకున్న నాచు ఏరుతోంది. నారు తలెత్తి పచ్చబడుతోంది. ఏమైందని అడిగితే త్రిమూర్తులు జేబులోంచి మెమో నకలు తీసి గట్టు మీద నిలబడి మొత్తం చదివి వినిపించాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తి. చదవడం అయ్యాక ఆవిడ నడుం పట్టుకుని నిటారుగా లేచింది.

“నిజంగా చాలా బాగా రాశారండీ,” అంది. వెటకారం లేదు, నిజంగానే అంది. “ఇంత బాగా రాయగలిగినోరు, ముప్పై ఏళ్లు ఆ ఆఫీసులో కూచుని, శివారుకి నీళ్లు రావట్లేదని ఒక్క కాగితం రాయలేదేంటండీ?”

త్రిమూర్తులు మెమో మడిచి చెప్పుల మీద పెట్టి, ప్యాంటు పైకి మడుచుకుని, నీళ్లలోకి దిగి, ఆవిడ పక్కన వంగి నాచు ఏరడం మొదలుపెట్టాడు.